పెద్ద పక్కబట్టలు ఇంట్లోనే ఉతికి, ముసుర్లో ఆరబెట్టడం ఎలా?

మియాపూర్_మూడోఫ్లోర్
అందరికీ నమస్తే. మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. ఇంట్లో ఉన్నది 6.5 కిలోల టాప్‌లోడ్ మెషిన్. వరలక్ష్మీ వ్రతానికి అత్తయ్యగారు, మామయ్యగారు, మా ఆడబిడ్డ వాళ్ళు పిల్లలతో సహా దిగుతున్నారు. అటక మీది పక్కబట్టలన్నీ కిందికి దించాను. మూటలు విప్పగానే గుప్పున మగ్గిన వాసన.

ఉన్న సరుకు ఇది: డబుల్ బెడ్ మింక్ దుప్పటి ఒకటి (సింథటిక్ బొచ్చుది, మందంది, ఎత్తితే చెయ్యి లాగుతుంది), జైపూర్ రజాయిలు రెండు, నానమ్మ పాత చీరలతో కుట్టిన బొంత, పెళ్ళిలో పెట్టిన సింగిల్ దూది పరుపు, ఫైబర్ దిండ్లు. ఇవి చాలవన్నట్టు నిన్న పాప ఆ మింక్ మీదే పాలు కక్కింది.

బయట చూస్తే ముసురు. బాల్కనీ రెయిలింగ్ మీద బట్ట కనబడితే చాలు, అసోసియేషన్ వాళ్ళు ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నారు. టెర్రస్ తాళం వాచ్‌మన్ దగ్గర. లాండ్రీకి ఇవ్వమనకండి దయచేసి. కిందటిసారి ఇచ్చిన రజాయి పైకి ఇస్త్రీ చేసినట్టుంది, లోపల దూదంతా ఒక మూలకి చేరింది. అడిగితే "మీరిచ్చినప్పుడే అలా ఉంది మేడం" అన్నారు.

ఏవి మెషిన్లో వేయొచ్చు, ఏవి చేత్తో ఉతకాలి, ఏవి అసలు తడపకూడదు? ముఖ్యంగా, ఆరబెట్టేది ఎలా?

గుంటూరు_ఘాటు
ఇంత ఆలోచన దేనికండీ. దుప్పటి మడిచి మెషిన్లో కుక్కండి, సర్ఫు పోయండి, మూత వేసి టీ తాగండి. మా ఇంట్లో ఏడు కిలోల దాంట్లో పడనిది లేదు. మూత మూయడానికి మా తమ్ముణ్ణి పిలుస్తాం, అంతే.

పాత_మెకానిక్
ఘాటు గారూ, మీ తమ్ముడి తర్వాత ఫోన్ వచ్చేది మాలాంటి వాళ్ళకే. ఆ ఫోన్లు ఎత్తీ ఎత్తీ రిటైరయిన వాణ్ణి కాబట్టి రెండు ముక్కలు చెప్తా.

మెషిన్ మీద రాసే కిలోలు పొడి బట్టల లెక్క. అదీ మామూలు నూలు బట్టలకి. చొక్కాలు, లంగాలు డ్రమ్ములో చుట్టూ సర్దుకుంటాయి, బరువు సమానంగా పడుతుంది. రజాయి అలా కాదు. ఒకటే ముద్ద. నీళ్ళు తాగి ఒక పక్కకి కూర్చుంటుంది. నాలుగు కిలోల దూది రజాయి నీళ్ళతో కలిపి పది కిలోలు దాటిపోతుంది. ఆ బరువంతా ఒక వైపు ఉండగా స్పిన్ మొదలైతే తొట్టి గోడల్ని కొడుతుంది. టాప్‌లోడ్‌లో తొట్టి నాలుగు సస్పెన్షన్ రాడ్ల మీద వేలాడుతూ ఉంటుంది. ముందు అవి సాగుతాయి. ఫ్రంట్‌లోడ్‌లో అయితే పైన స్ప్రింగులు, కింద షాక్ అబ్జార్బర్లు, వెనక బేరింగు. బేరింగు పోయిందంటే ఆ బిల్లు చూశాక రజాయి కొత్తది కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది.

ఇప్పటి మెషిన్లకి ఆ మాత్రం తెలివి ఉంది. బరువు ఒరిగితే స్పిన్ ఆపేసి, మళ్ళీ నీళ్ళు తీసుకుని, బట్టల్ని అటూ ఇటూ కదిపి, ఇంకోసారి చూస్తాయి. నలభై నిమిషాల ప్రోగ్రాం రెండు గంటలైనా అవ్వట్లేదని జనం తిడుతుంటారు. అది చెడిపోవడం కాదు, మిమ్మల్ని బతిమాలుకోవడం. ఆపి, మూత తీసి, ముద్దని విడదీసి చుట్టూ సర్ది, ఒక్క స్పిన్ మాత్రం పెట్టండి.

మియాపూర్_మూడోఫ్లోర్
థాంక్స్ అంకుల్. మరి నా 6.5 లో పడుతుందో పడదో వేయకముందే తెలిసేదెలా? కాటా లేదు ఇంట్లో.

పాత_మెకానిక్
కాటా అక్కర్లేదమ్మా. పొడిగా ఉన్నప్పుడే తొట్టిలో వదులుగా, గుండ్రంగా చుట్టినట్టు పెట్టు. అదిమి తొక్కకు. పైన జానెడు ఖాళీ మిగిలితే పడుతుంది. లేకపోతే పడదు. నీ మింక్ డబుల్ బెడ్‌ది, మందమైనది అంటున్నావు. పడదనే నా అనుమానం. జైపూర్ రజాయి ఒక్కొక్కటిగా హాయిగా పడుతుంది.

ఇంకొకటి. ఫైబర్ నింపిన కంఫర్టర్లు లోపల గాలి పట్టుకుని పైకి తేలుతాయి. కింద పల్సేటర్ (తొట్టి అడుగున ఉండే చక్రం) తిరుగుతూ ఉంటుంది, పైన కంఫర్టర్ పొడిగా నవ్వుతూ ఉంటుంది. తేలినది అంచు మీదకొచ్చి మూతకి రాసుకుని చిరుగుతుంది కూడా. అందుకని ముందు బాత్రూంలో తడిపి, చేత్తో అదిమి గాలంతా తీసి, అప్పుడు వేయాలి.

సబ్బు లిక్విడ్, మామూలుగా వేసే దాంట్లో సగం. పౌడరు వద్దు, పీచులో ఇరుక్కుని కడుగు నీళ్ళకి లొంగదు. నురగ ఎక్కువైతే స్పిన్ కూడా సరిగ్గా జరగదు.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా: పరుపు మీద వేసే వాటర్‌ప్రూఫ్ షీట్లు ఎవరూ మెషిన్లో స్పిన్ పెట్టొద్దు. లేబుల్ మీద వేయొచ్చని స్పష్టంగా ఉంటే తప్ప. నీళ్ళు దాంట్లోంచి బయటికి పోవు, సంచిలా నిలబడిపోతాయి. స్పిన్ అందుకున్నాక ఒక్కసారిగా జారితే మెషిన్ ఎగిరి పడుతుంది. 2016 నవంబరులో అమెరికాలో శాంసంగ్ దాదాపు 28 లక్షల టాప్‌లోడ్ మెషిన్లను రీకాల్ చేసింది. పక్కబట్టలు, వాటర్‌ప్రూఫ్ బట్టలు ఎక్కువ వేగంతో తిప్పినప్పుడు పైమూత ఊడి వస్తోందని. ఇంటికొచ్చి పక్కబట్టల ప్రోగ్రాంలో స్పిన్ వేగం తగ్గించి ఇవ్వడం కూడా అప్పుడు చేసిన మరమ్మతుల్లో ఒకటి.

కాకినాడ_కాజా
ఉతకడం గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చండి, మా సముద్రం ఒడ్డున అసలు పరీక్ష ఆరబెట్టడమే. ఇక్కడ వర్షాకాలంలో చేతిరుమాలు ఆరడానికే పొద్దు గూకుతుంది. అందుకని మా ఇంట్లో ఒకటే లెక్క: రేపు పొద్దున ఎండ వస్తుందన్న ధీమా లేనప్పుడు దూది ఉన్నదేదీ తడపం. సింథటిక్ అయితే పర్లేదు. పాలిస్టర్ పోగు తనలోకి నీళ్ళు దాదాపు పీల్చదు, పోగుల మధ్య నిలిచినవి కారిపోతే సగం పని అయిపోయినట్టే. దూది అలా కాదు, ప్రతి పోగూ తాగుతుంది, తాగింది వదలదు.

మీ మింక్ కాళ్ళతో ఉతకండి. నిజంగానే. మేము పిల్లల గాలి స్విమ్మింగ్ పూల్ ఒకటి కొని డాబా మీద పెట్టుకున్నాం, ఎండాకాలం పిల్లలకి, పండగల ముందు దుప్పట్లకి. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం లిక్విడ్, అరగంట నానబెట్టి తొక్కడమే. పిల్లల్ని దింపితే వాళ్ళే తొక్కేస్తారు, డబ్బులివ్వక్కర్లేదు. మీకు బాత్రూంలో పెద్ద టబ్బు ఉన్నా చాలు, ఒక్కో చివర వంతున తొక్కుకుంటూ పోవడమే. నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చాలి.

ఆ తర్వాత పిండకండి. ఇద్దరు చెరో కొస పట్టుకుని మెలిపెట్టి పిండడం మనకి అలవాటు, దాంతో మింక్ బొచ్చు అడ్డదిడ్డంగా పడుకుంటుంది, రజాయి కుట్లు పటపటమని తెగుతాయి. మడతపెట్టి, ప్లాస్టిక్ స్టూలు మీదో, బోర్లించిన పెద్ద గంప మీదో వేసి వదిలేయండి. గంటా గంటన్నర కారనివ్వండి, మధ్యలో అరచేతుల్తో ఒత్తండి. బరువు సగానికి దిగాకే దండెం ఎక్కించాలి. లేకపోతే దండెం గోడలోంచి మేకుతో సహా ఊడొస్తుంది.

డాలస్_దోసె
ఈ చర్చ చదువుతుంటే అమ్మ గుర్తొచ్చింది. ఇక్కడ మాకు అపార్ట్‌మెంట్లో ఉన్న మెషిన్ చిన్నది, క్వీన్ కంఫర్టర్ పట్టదు. నెలకోసారి పక్క వీధిలో లాండ్రోమ్యాట్‌కి మోసుకుపోతాను. అక్కడ 60 పౌండ్లు, 80 పౌండ్ల ఫ్రంట్‌లోడ్లు ఉంటాయి, రెండు కంఫర్టర్లు వేసినా దొర్లుతూ ఉంటాయి. డ్రయ్యర్లో తక్కువ వేడి మీద, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి తిప్పితే లోపలి ఫైబర్ ఉండకట్టదు. మధ్యలో ఆపి, బయటికి తీసి దులిపి, తిరగేసి మళ్ళీ వేయాలి. పైన కాలిపోతున్నా మధ్యలో తడిగా ఉంటుంది, చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇండియా నుంచి తెచ్చుకున్న మింక్‌కి మాత్రం ఎక్కువ వేడి తగిలితే బొచ్చు కొసలు కరిగి గరుకుగా అయిపోతాయి. మళ్ళీ మెత్తబడదు. ఇస్త్రీ కూడా అంతే.

అనంత_ఎండ
డాలస్ అక్కా, డ్రయ్యర్ మా ఊళ్ళో పైనుంటాది, కరెంటు బిల్లు లేదు. అనంతపురం రండి, పొద్దున ఆరేసిన బొంత మధ్యాన్నానికి పెళపెళలాడతాది. మా ఇబ్బంది వేరే, నీళ్ళు. బొంత ఉతకాలంటే ఎన్ని బిందెలు అని ముందు లెక్కేసుకోవాల.

మియాపూరు మేడం, బోరు నీళ్ళా మంజీరా కుళాయి నీళ్ళా మీకు? బోరు నీళ్ళయితే ఉప్పదనానికి సబ్బు నురగ పట్టదు, నురగ పట్టలేదని ఇంకాస్త సబ్బేస్తాం, ఆరినాక దుప్పటి అట్టలాగా బిగుసుకుంటాది. నానబెట్టే నీళ్ళలో రెండు మూడు చెంచాల చాకలి సోడా వేయండి, సబ్బు తక్కువ పడతాది. నూలు బొంతకి, దుప్పట్లకే సుమా. ఉన్నికి సోడా ముట్టించొద్దు.

బొంత మీద పసుపు మరకలుంటే భయపడొద్దండి. సబ్బు తగలగానే ఎర్రగా అవుతాది, అయ్యో పాడైందే అనుకుంటారు. ఉతికి ఎండలో పరిస్తే ఆ ఎరుపూ, పసుపూ రెండూ వెలిసిపోతాయి. పసుపుకి ఎండంటే పడదు.

పరుపుల_కొట్టు
మాది తరాలుగా దూది ఏకే ఇల్లు. తాత విల్లు భుజానేసుకుని వీధులు తిరిగేవాడు, ఇప్పుడు మాకు ఏకే మిషను ఉంది. అమ్మా, ఆ దూది పరుపు మాత్రం తడపొద్దు. చేత్తో వద్దు, మెషిన్లో వద్దు, "పైపైన కాస్త నీళ్ళు చల్లి" కూడా వద్దు.

కారణం చెప్తా. పొడి దూదిలో పోగుకీ పోగుకీ మధ్య గాలి ఉంటుంది, ఆ గాలే మెత్తదనం. తడిస్తే పోగులు ఒకదాన్నొకటి అతుక్కుని గడ్డలు కడతాయి. పైగుడ్డ ఒక్క రోజులో ఆరుతుంది. లోపల వారమైనా ఆరదు, బూజు పడుతుంది. మా దగ్గరికి వచ్చే పాడైన పరుపుల్లో ముప్పాతిక ఇలా తడిపినవే. విప్పితే లోపల నల్లటి చుక్కలు, ముట్టుకుంటే పెంకుల్లా గడ్డలు. ఆ దూదిని ఏకినా పాత మెత్తదనం రాదు, నల్లబడింది తీసి పారేయాల్సిందే.

నువ్వు చెయ్యాల్సింది: ఎండ వచ్చినప్పుడు రెండు పక్కలా మార్చి మార్చి ఎండబెట్టు, కర్రతో దులుపు. మరకలు ఎక్కువగా ఉంటే కుట్టు విప్పి, దూది తీసి, గుడ్డ విడిగా ఉతికించుకో. దూది ఏకించి మళ్ళీ నింపించుకుంటే కొత్త పరుపే. ఇప్పుడు ఏకేవాళ్ళు ఆటోలో మిషన్ పెట్టుకుని గేటు దగ్గరికే వస్తున్నారు చాలాచోట్ల. నీ ఎదురుగానే ఏకించు, నీ దూది నీకే తిరిగొచ్చిందో లేదో చూసుకో. మా వృత్తి వాణ్ణి నేనే చెప్తున్నా.

బూరుగు దూది దిండ్లున్న వాళ్ళకి కూడా ఒక మాట. ఆ పోగు మీద మైనం పొర ఉంటుంది, నీళ్ళు పట్టదు. ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో అదే నింపేవాళ్ళు. నీళ్ళు పట్టదు కదా అని ఉతికేయకండి. పోగు పెళుసు, నలిగి పొడవుతుంది. ఎండబెట్టుకోవడం ఒక్కటే.

మియాపూర్_మూడోఫ్లోర్
పరుపు గురించి చెప్పి పుణ్యం కట్టుకున్నారు బాబాయ్. పైపైన తడిగుడ్డతో తుడుద్దామని బకెట్ కూడా సిద్ధం చేశాను. నానమ్మ బొంత సంగతేంటి మరి? అందులో దూది లేదు, అన్నీ చీరలే.

పరుపుల_కొట్టు
బొంత ధైర్యంగా ఉతుకు. పొరలన్నీ గుడ్డే, దగ్గర దగ్గరగా దారం కుట్టు ఉంటుంది, జరిగేది ఏదీ లేదు. దారం ఎక్కడైనా పోయి ఉంటే ముందు అక్కడ నాలుగు కుట్లు వేసి అప్పుడు నానబెట్టు. తడిస్తే బరువుకి ఆ చిరుగు జానెడు అవుతుంది. మధ్య పొరలు ఆరడం ఆలస్యం, అది చూసుకో.

గొంగడి_బిడ్డ
గొంగడి గురించి ఎవ్వరు అడగలే గని నేనే చెప్త. మొన్న మా చెల్లె పట్నంల, బాపు గొంగడిని మెషిన్ల ఏసింది, సర్ఫు పోసి, వేడినీళ్ళ ప్రోగ్రాం పెట్టి. తీసి చూస్తే పొల్లగాడు కప్పుకునేంత అయింది! ఉన్ని గంతే, వేడీ రాపిడీ కలిస్తే ముడుసుకుంటది, మళ్ళ సాగదు. గొంగడి నేసేటప్పుడు పోగుకు చింతగింజల గంజి పట్టిస్తరు, గా గట్టిదనం కూడా పోయింది.

ఉతకాలె అనుకుంటే కుంకుడుకాయ రసం, సల్లనీళ్ళు. రుద్దుడు లేదు, ముంచుడు తీసుడు. అసలైతే దులిపి ఎండల ఏస్తే సాలు. ఉన్ని తన బరువుల మూడో వంతు దాకా తేమ తాగినా పట్టుకుంటే తడి తెల్వది. అందుకే వానల గొర్లకాడ గదే కప్పుకుంటరు.

డాలస్_దోసె
"పొల్లగాడు కప్పుకునేంత" 😂 మా ఆయన స్వెటర్ గతి కూడా అంతే అయింది.

గుంటూరు_ఘాటు
సరే సరే, మెషిన్లో కుక్కొద్దు, ఒప్పుకున్నా. కానీ వాసన పోవాలంటే బ్లీచింగు, వెనిగర్ రెండూ కలిపి నానబెడితే ఒక్క దెబ్బకి పోతుందని వీడియోలో చూశాను. అది చేయొచ్చుగా?

అలర్జీ_అమ్మ
అయ్యో, ఆ పని అస్సలు చేయకండి! ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో ఊపిరాడదు. ఏదో ఒకటే వాడాలి, రంగు దుప్పట్లకి బ్లీచ్ అసలే వద్దు. వాసనకి చివరి కడుగు నీళ్ళలో అర కప్పు తెల్ల వెనిగర్ చాలు, ఆరాక దాని వాసన ఉండదు.

మా అబ్బాయికి ఉబ్బసం. డాక్టరు గారు మొదట అడిగింది పక్కబట్టల గురించే. డస్ట్ మైట్లు (కంటికి కనబడని దుమ్ము పురుగులు) దిండులో, దుప్పట్లో, పరుపులో చేరతాయి, తేమ ఉంటే పెరుగుతాయి. అవి చావాలంటే నీళ్ళు 55, 60 డిగ్రీలుండాలి. చన్నీళ్ళతో ఉతికితే వాటి మలినం చాలావరకు కొట్టుకుపోతుంది గానీ అవి చావవు. అందుకని గలేబులు, నూలు దుప్పట్లు వారం వారం వేడినీళ్ళ ప్రోగ్రాంలో వేస్తాను. వేడి తట్టుకోలేని పెద్ద దుప్పటికి మాత్రం నూలు గలేబు కుట్టించాను, రెండు చీరలు కలిపి కుట్టి మూడు వైపులా మూసి, ఒక వైపు నాడాలు. గలేబు విప్పి ఉతకడం పది నిమిషాల పని. మింక్‌ని ఏడాదికి ఒకటి రెండుసార్లు తడిపితే సరిపోతుంది.

పాలు కక్కిన చోట ముందు చన్నీళ్ళు పోయండి. వేడినీళ్ళు పోస్తే పాలలో ప్రొటీన్ బిగుసుకుపోయి వాసన అక్కడే ఉండిపోతుంది. నెత్తుటి మరకకీ ఇదే పద్ధతి. ఎంజైమ్ ఉన్న లిక్విడ్ కాసేపు రాసి ఉంచి అప్పుడు మొత్తం నానబెట్టండి.

నిర్వాహకులు
వాయువుల ప్రస్తావన వచ్చింది కనుక అలర్జీ_అమ్మ గారి మాటని చర్చ పైభాగంలో పిన్ చేశాం. గొంగడి మీద విడిగా చర్చ పెట్టుకుంటే బాగుంటుంది, చాలామంది చెప్పేవి ఉన్నట్టున్నాయి.

మియాపూర్_మూడోఫ్లోర్
అప్‌డేట్. పొద్దున కొంచెం తెరిపిచ్చింది. వాచ్‌మన్‌ని బతిమాలి టెర్రస్ తాళం తీసుకున్నా. మింక్ టబ్బులో, మా ఆయన తొక్కుడు (ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఫోన్లో మీటింగ్ వింటూ). నీళ్ళు మొదటిసారి టీ డికాక్షన్ రంగులో వచ్చాయి. స్టూలు మీద కార్చి, దండెం మీద వేశాం.

మధ్యాహ్నం మబ్బు పట్టింది, పరుగున లోపలికి తెచ్చేశాను. ఇప్పుడు పైన ఆరినట్టే ఉంది కానీ అంచు కుట్టు దగ్గర, దండెం మీద మడత పడిన చోట చల్లగా తగులుతోంది. ఇంకో తలనొప్పి, టెర్రస్ మీది ఇనుప తీగ తుప్పు గీతలా అంటుకుంది. రాత్రికి ఏం చేయను? ఫ్యాన్ కింద పరిచాను, నాలుగు కుర్చీల మీద.

కాకినాడ_కాజా
కుర్చీల మీద వేయడం మంచి పనే. కిందనుంచీ గాలి తగలాలి. ఏసీ ఉంటే గాల్లో తేమని లాగే డ్రై మోడ్‌లో పెట్టి, తలుపులు కిటికీలు మూసి, ఫ్యాన్ తిప్పండి. వాన కురుస్తున్నప్పుడు "గాలి రావాలి" అని కిటికీలు తెరుస్తారు చూడండి, ఆ వచ్చేది తడిగాలే. ఏసీ లేకపోతే మాత్రం తెరవాల్సిందే, దుప్పటిలోంచి లేచిన ఆవిరి బయటికి పోవాలి కదా.

రేపు ఎండ వస్తే ఒక తీగ మీద కాకుండా పక్కపక్కన రెండు తీగల మీద వేయండి. రెండింటి మధ్య గుడ్డ కిందికి జారి వేలాడాలి, అప్పుడు రెండు పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలోంచి గాలి పోతుంది. బరువూ పంచుకుంటుంది. రెండు గంటలకోసారి జరపండి, తీగ మీద ఉన్న చోటు మారాలి. ఊళ్ళో అయితే నులక మంచం ఉంటే ఈ గొడవే లేదు, దాని మీద పరిస్తే కింద చిల్లుల్లోంచి గాలి, పైన ఎండ.

చీకటి పడేదాకా ఉంచొద్దు. సాయంత్రం చల్లబడగానే గాల్లో తేమని మళ్ళీ లాక్కుంటుంది. ఎండ వేడి ఉండగానే తీసి, లోపల విప్పి పరచి చల్లారాక మడవండి.

అనంత_ఎండ
తుప్పు గీతకి నిమ్మకాయ, ఉప్పు. నిమ్మచెక్క ఉప్పులో అద్ది మరక మీద రుద్ది ఎండలో కాసేపు పెట్టి కడగండి. ముందు ఓ మూల రంగు పోతాదేమో చూసుకోండి. బ్లీచ్ మాత్రం పోయకండి, తుప్పు ఇంకా గట్టిగా పట్టుకుంటాది.

ఇంక ఆ తీగ ఉండేదే కదా. కరెంటోళ్ళు వాడే పీవీసీ పైపు ముక్క పొడుగునా చీల్చి తీగకి తొడగండి. తుప్పు అంటదు, దుప్పటికి సన్నటి గీతలాగా మడతా పడదు. మీ అసోసియేషనోళ్ళు దానికీ ఫోటో తీస్తే మేమేం చేయలేం.

గొంగడి_బిడ్డ
కోతులు లేవా అక్కా మీ దిక్కు? మా కాడ బొంత ఆరేస్తే ఒకరు కట్టె పట్టుకొని కాపలుండాలె. క్లిప్పులు సుత పీక్కపోతయి.

మియాపూర్_మూడోఫ్లోర్
కోతులు లేవు, పావురాలున్నాయి. అంతకన్నా ఘోరం. పైన పాత చీర కప్పాను.

మింక్ ఈరోజుకి పూర్తిగా ఆరింది. పాల వాసన లేదు. రజాయిలు అంకుల్ చెప్పినట్టు ఒక్కొక్కటిగా మెషిన్లో వేశాను. రెండోది స్పిన్‌లో ఒక్కసారి ఆగింది, విడదీసి పెడితే తిరిగింది. బొంత నానబెట్టడానికి మాత్రం గట్టి ఎండ కోసం ఆగుతాను. నానమ్మ చీరలు కదా, తొందరపడను. వచ్చేవాళ్ళకి ఉన్నవి సరిపోతాయి. దూది పరుపు గుడ్డ కప్పి పక్కన పెట్టాను, ఎండ రాగానే పైకి.

పండగయ్యాక మళ్ళీ అటక మీదకే పోతాయివి. ఈసారి వాసన రాకుండా ఎలా దాచాలి? ప్లాస్టిక్ సంచుల్లో గాలి తీసి పెట్టే కవర్లు కొందామా? కలరా ఉండలు వేస్తే?

అలర్జీ_అమ్మ
ఇంట్లో పసిపాప ఉంది కాబట్టి కలరా ఉండలు వద్దు. అందులో నాఫ్తలీన్ ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకి, ఆ ఉండల మధ్య దాచిన దుప్పటి కప్పితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి పరీక్ష చేయించేదాకా తెలియదు. పాకే పిల్లలు దొరికితే నోట్లో పెట్టుకుంటారు, అది వేరే ప్రమాదం. ఎండిన వేపాకు పాత గుడ్డలో మూటకట్టి పెట్టండి, లేదా వట్టివేళ్ళు. వాటితో పురుగు పూర్తిగా ఆగుతుందని చెప్పను గానీ పాపకి హాని లేదు.

పరుపుల_కొట్టు
గాలి తీసే కవర్లు ఫైబర్ వాటికి కొన్నాళ్ళకైతే సరే. దూది రజాయిని అందులో పెట్టకు, నెలల తరబడి నొక్కి ఉంచితే అణిగిపోతుంది. చిటికెడు తడి మిగిలి ఉన్నా ఆ కవర్లో బయటికి పోయే దారి ఉండదు. ఉతికిన పాత నూలు చీరలో మూటకట్టు. మూటకి ఊపిరి ఆడాలి. అటక గోడకి ఆనించకు, వర్షాకాలంలో గోడ చెమ్మ మూటకి దిగుతుంది. కింద చెక్క పలకో, అట్టపెట్టో వేసి పెట్టు. సంక్రాంతి ముందు ఎటూ దించుతావు, అప్పుడొక రోజు ఎండ చూపించు.

మియాపూర్_మూడోఫ్లోర్
సరే బాబాయ్, చీర మూటలే. ఇంక మిగిలినవి దిండ్లు. ఫైబర్‌వి, లేబుల్ మీద మెషిన్ గుర్తు ఉంది. ఒక్కొక్కటి వేయనా, అన్నీ కలిపి వేయనా?

పాత_మెకానిక్
రెండేసి వెయ్యమ్మా. తొట్టిలో ఎదురెదురుగా, నిలువుగా పెట్టు, బరువు సరిపోతుంది. ఒక్కటే వేస్తే ఒరుగుతుంది, నాలుగు వేస్తే కడగదు. కడుగు రెండుసార్లు, స్పిన్ కూడా రెండోసారి విడిగా పెట్టు. తీశాక నాలుగు మూలలూ లాగి దులిపి ఫైబర్ సర్దు. దండెం మీద వేలాడదీయకు, ఒక చివరకి జారిపోతుంది, ఆ కుర్చీల మీదే పడుకోబెట్టు. మధ్యలో గట్టిగా నొక్కి చెంపకి ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, ఆ రాత్రికి గలేబు వేయకు.

మియాపూర్_మూడోఫ్లోర్
సరే అంకుల్. మొదటి రెండూ వేసేశాను, తిరుగుతున్నాయి.